ఆటబొమ్మలతో ప్రసిద్ధ చిత్రాల పునఃసృష్టి: అన్నీ పెట్టినా పోలిక ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: ఇంటిచిత్రశాల

నమస్కారం. మా అమ్మాయీ నేనూ సెలవు రోజుల్లో ఒక సరదా వ్యాపకం పెట్టుకున్నాం. పేరున్న వర్ణచిత్రం ఒకటి ఎంచుకుని, ఇంట్లో ఉన్న ఆటబొమ్మలను అందులోని మనుషుల్లా నిలబెట్టి, గుడ్డపీలికలతోనూ అట్టముక్కలతోనూ చుట్టూ ఆ దృశ్యాన్ని అమర్చి, ఫోనుతో ఫొటో తీస్తాం. దీనికోసం కొత్తగా ఏదీ కొనకూడదన్నది మేము పెట్టుకున్న నియమం. మా దగ్గర బార్బీ తరహా బొమ్మలు, కొందరు లెగో మనుషులు, చెక్క జంతువులు, ఒక ఎలుగుబంటి, రంగు బంకమట్టి ఉన్నాయి.

గ్రాంట్ వుడ్ 1930లో వేసిన ‘అమెరికన్ గోథిక్’ను మొదట చేశాం. రెండు బొమ్మలను పక్కపక్కనే నిలబెట్టి, ఒకదాని చేతికి తినే ఫోర్కు ఇచ్చి, వెనుక అట్ట మీద ఇల్లు గీశాం. బట్టలు సరిపోలేదు, మొహాలు అసలే కలవలేదు, అయినా చూసినవాళ్ళు చూసిన వెంటనే గుర్తుపట్టారు. తరవాత వెర్మీర్ వేసిన ‘ముత్యపు కమ్మ ధరించిన అమ్మాయి’ని తీసుకున్నాం. దీనికి మరింత శ్రద్ధ పెట్టి తలకు నీలం, పసుపు గుడ్డలు చుట్టాం, చెవికి పూస అతికించాం, వెనుక నల్ల కాగితం నిలబెట్టాం, ఎడమవైపు నుంచి వెలుగు పడేలా పెద్ద కిటికీ పక్కనే బొమ్మను కూర్చోబెట్టాం. చిత్రంలో ఉన్నవన్నీ ఫొటోలోనూ ఉన్నాయి, కానీ చూస్తే తలకు గుడ్డ చుట్టిన బొమ్మ తప్ప మరేమీ కనిపించడం లేదు. మొహం చదునుగా, వెనుక నలుపు బూడిద రంగుగా వచ్చాయి.

వివరాలు తక్కువగా ఉన్నదానికి పోలిక వచ్చి, ఎక్కువగా ఉన్నదానికి రాకపోవడానికి కారణం ఏమిటి? బొమ్మలకు ఎలాంటి చిత్రాలు కుదురుతాయి, ఎలాంటివి కుదరవు? మూలానికి ఎంత దగ్గరగా వెళ్ళాలి, ఎక్కడ ఆగాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం: వెలుగునీడలు

ఇంటిచిత్రశాల గారూ, మీరు ఎంచుకున్న రెండు చిత్రాలూ రెండు వేరువేరు జాతులవి. ‘అమెరికన్ గోథిక్’ను నిలబెట్టేది అమరిక. ఇద్దరు మనుషులు ఎదురుగా, బిగుసుకుని నిలబడి ఉంటారు. వారి ముందు మూడు పళ్ళ పంగలకర్ర నిటారుగా లేస్తుంది. ఆ పంగలకర్ర ఆకారమే ఆయన వేసుకున్న దుస్తుల కుట్టులో మళ్ళీ కనిపిస్తుంది, వెనుక ఇంటి కిటికీలో కోసుగా ఉన్న కమాను కూడా ఆ గీతలనే పైకి తీసుకువెళుతుంది. వెలుగు అంతటా సమానంగా ఉంటుంది. అందువల్ల రెండు అగ్గిపుల్లలనూ ఒక ఫోర్కునూ సరైన చోట పెట్టినా కన్ను మిగతాది పూరించుకుంటుంది.

వెర్మీర్ 1665 ప్రాంతంలో వేసిన ఆ అమ్మాయి చిత్రంలో అమరిక అనదగ్గది దాదాపు లేదు. 44.5 సెంటీమీటర్ల ఎత్తు, 39 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చిన్న పటంలో ఒక తల, ఒక భుజం, వెనుక చీకటి, అంతే. అక్కడ పని అంతా వెలుగు చేస్తుంది. ముక్కు దూలానికీ అవతలి చెంపకూ మధ్య వెర్మీర్ గీతే గీయలేదు, వెలుగులో ఆ రెండూ కలిసిపోయాయి. ముత్యాన్ని వేలాడదీసే కొక్కెం కూడా లేదు. పైన ఎడమవైపు ఒక దళసరి తెల్లని చుక్క, కింద తెల్ల కాలరు నుంచి వచ్చే మసక ప్రతిఫలనం, ఈ రెండింటినీ చూసి మనమే అక్కడ ముత్యం ఉందని నమ్ముతాం. కాబట్టి పూస అతికించినంత మాత్రాన ఆ కమ్మ రాదు. పూస మెరిసేదై ఉండాలి, దాని మీద కిటికీ మెరుపు పడాలి, కింద నుంచి కాలరు తెలుపు తగలాలి. బొమ్మ మెడకింద చిన్న తెల్ల కాగితం మడిచి పెట్టి చూడండి, కాలరూ వస్తుంది, ఆ రెండో మెరుపూ వస్తుంది.

మొహం చదునుగా రావడానికి మీ పెద్ద కిటికీయే కారణమని నా అంచనా. బార్బీ తరహా బొమ్మ ఎత్తు సుమారు 29 సెంటీమీటర్లు, అంటే మనిషిలో ఆరో వంతు. మీటరు వెడల్పున్న కిటికీకి దగ్గరగా దానిని కూర్చోబెడితే, మనిషిని ఆరు మీటర్ల వెలుగు గోడ పక్కన కూర్చోబెట్టినట్టే. అంత విశాలమైన వెలుగు మొహం చుట్టూ తిరిగి వచ్చి అవతలి చెంపను కూడా తడిమేస్తుంది, నీడ అనేది మిగలదు. కిటికీకి అట్ట అడ్డుపెట్టి, జానెడు వెడల్పు ఖాళీ మాత్రం వదలండి. బొమ్మ కొలతలో అది మామూలు గది కిటికీ అవుతుంది. ప్లాస్టిక్ చెంప మీద తళుకు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తే ఆ ఖాళీకి ట్రేసింగ్ కాగితం అంటించవచ్చు, లేదా దూదితో కాస్త పౌడరు అద్ది తుడిచేయవచ్చు. పౌడరు అద్దిన ప్లాస్టిక్ చర్మంలా కనిపించడం మా ఇంట్లో అందరికీ ఆశ్చర్యం కలిగించిన విషయం.

వెనుక నలుపు బూడిద రంగుగా రావడానికి రెండు కారణాలు ఉండవచ్చు. నల్ల కాగితం బొమ్మకు ఆనుకుని ఉంటే కిటికీ వెలుగు దాని మీద కూడా పడుతుంది కాబట్టి, దానిని మూరెడు వెనక్కి జరపాలి. రెండోది ఫోను. ఎక్కువ భాగం చీకటిగా ఉన్న దృశ్యాన్ని చూడగానే ఫోను తనంతట తాను వెలుగు పెంచేస్తుంది. తెర మీద బొమ్మ మొహం దగ్గర వేలితో తాకి, వెలుగు తగ్గించే గీతను కిందికి జరిపి తీయండి. అన్నట్టు, ఆ నేపథ్యం మొదటినుంచీ ఉత్త చీకటి కాదు. హేగ్ నగరంలోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియం వారు ఆ చిత్రాన్ని పరీక్షించి, అమ్మాయి వెనుక ఒకప్పుడు ఆకుపచ్చ తెర ఉండేదని, కాలక్రమంలో దాని రంగులు మారిపోయాయని 2020లో ప్రకటించారు. కనుక మీ అమ్మాయి ఆకుపచ్చ గుడ్డ వేలాడదీస్తానంటే కాదనకండి, వెర్మీర్‌కు మనకంటే ఆమే దగ్గరవుతుంది.

ఇక మెడ సంగతి. ఆ అమ్మాయి శరీరం ఒకవైపు తిరిగి ఉండగా తల భుజం మీదుగా మనవైపు మళ్ళుతుంది, కొద్దిగా వాలుతుంది కూడా. చాలా బొమ్మల తల పక్కకు తిరుగుతుందే తప్ప వాలదు. బొమ్మ కింద ఒకవైపు మడిచిన అట్టముక్క దూర్చి మొత్తం శరీరాన్నే వంచితే తల వాలినట్టు వస్తుంది. నడుము కింది భాగం ఎలాగూ ఫొటోలో ఉండదు.

సమాధానం: పాతగది

వెలుగునీడలు గారు చెప్పినదానికి చిన్న చరిత్ర జోడిస్తాను, ఎందుకంటే ఇది పిల్లల కాలక్షేపమని తీసిపారేసేవారికి చెప్పదగ్గ చరిత్ర. చిత్రకారులే బొమ్మలతో ఈ పని చేశారు. వెనీసు చిత్రకారుడు టింటొరెట్టో మైనంతో, మట్టితో చిన్న మనుషులను చేసి, వాటికి గుడ్డలు చుట్టి, కర్ర, అట్టలతో కట్టిన చిన్న ఇళ్ళలో అమర్చి, కిటికీల దగ్గర దీపాలు పెట్టి నీడలు ఎలా పడతాయో గమనించేవాడని 17వ శతాబ్దపు జీవితచరిత్రకారుడు రిడోల్ఫి రాశాడు. గాలిలో ఎగిరే దేవదూతలు కింది నుంచి చూస్తే ఎలా కనిపిస్తారో తెలుసుకోవడానికి ఆ బొమ్మలను దారాలతో పైనుంచి వేలాడదీసేవాడట. 1611లో చిత్రకారుడు ఎల్ గ్రెకో ఇంటికి వెళ్ళిన మరో చిత్రకారుడు పచేకో అక్కడ ఆయన వాడే మట్టి నమూనాలను చూశాడు. పూసాఁ మైనపు బొమ్మలను ఒక పెట్టెలో నిలబెట్టి, పెట్టెకు పెట్టిన రంధ్రంలోంచి చూసి కూర్పు సరిచేసుకునేవాడు. గెయిన్స్‌బరో అయితే బల్ల మీద రాళ్ళముక్కలు, ఎండిన మొక్కలు, అద్దం పెంకులు పేర్చి, వాటిని కొండలుగా, చెట్లుగా, నీటిమడుగులుగా భావించి ప్రకృతి దృశ్యాలు వేసేవాడని ఆయన సమకాలీన చిత్రకారుడు రేనాల్డ్స్ చెప్పాడు.

మన కాలంలోనూ ఉదాహరణ ఉంది. ఆర్కిటెక్చర్ ఆచార్యుడు ఫిలిప్ స్టెడ్‌మన్ వెర్మీర్ ‘సంగీత పాఠం’లోని గదిని ఆరో వంతు పరిమాణంలో నమూనాగా కట్టి, చిత్రకారుడి కన్ను ఉండవలసిన చోట కెమెరా పెట్టి ఫొటో తీశాడు. వెర్మీర్ కెమెరా అబ్స్క్యూరా, అంటే చిన్న రంధ్రం లేదా లెన్సు గుండా బయటి దృశ్యాన్ని లోపలి తెర మీద పడేలా చేసే చీకటి పెట్టె, వాడాడన్న స్టెడ్‌మన్ వాదన 2001లో పుస్తకంగా వచ్చింది. దానిని ఒప్పుకోనివారు ఇప్పటికీ ఉన్నారు, ఆ వివాదం మనకు అక్కర్లేదు. మనకు కావలసినదల్లా, ఆ ఆరో వంతు సరిగ్గా మీ బార్బీ కొలత అన్న సంగతి. ఇంట్లో ఉన్న బొమ్మతో ఆ గదిలోకి మీరు కూడా నడవవచ్చు.

ఇందులో నేను నేర్చుకున్నది ఒకటే: ముందు కన్ను ఎక్కడ ఉందో తేల్చుకోవాలి, బొమ్మలు తరవాత. చిత్రంలో నేల పలకల గీతలు, బల్ల అంచులు, పైకప్పు దూలాలు స్కేలుతో పొడిగించి చూడండి. అవి కలిసే బిందువు ఎంత ఎత్తులో ఉంటే కెమెరా అంత ఎత్తులో ఉండాలి. ఆటబొమ్మల ఫొటోలు చాలావరకు బొమ్మలాటలా కనిపించడానికి కారణం మనం నిలబడి పైనుంచి కిందికి తీయడమే. ఫోనును బొమ్మ కంటి ఎత్తుకు దించగానే దృశ్యం ఒక్కసారిగా మనుషుల గదిగా మారుతుంది. నేను ఫోనును తలకిందులుగా పెట్టి తీస్తాను, అలా చేస్తే లెన్సు నేలకు మరింత దగ్గరగా వస్తుంది.

మొదటి గదిగా వాన్ గోహ్ పడకగదిని తీసుకోమని నా సలహా. మనుషులే లేరు కాబట్టి మొహాల బాధ లేదు. చెప్పుల పెట్టె, బంకమట్టి, ఐస్‌క్రీం పుల్లలు ఉంటే మంచం, రెండు కుర్చీలు, బల్ల, కిటికీ అన్నీ తయారవుతాయి. అయితే రెండు సంగతులు మరచిపోకూడదు. పెట్టెను ఉన్నదున్నట్టు వాడితే ఆ గది రాదు, ఎందుకంటే ఆర్ల్‌లో ఆయన ఉన్న పసుపు ఇంట్లో ఆ గది వెనుక గోడ నిజంగానే ఏటవాలుగా ఉండేది. పెట్టె వెనుక గోడను కత్తిరించి, ఒక చివర ముందుకు వచ్చేలా అతికించాలి. రెండోది, 1888 అక్టోబరులో ఈ చిత్రం గురించి తమ్ముడు తియోకు రాస్తూ నీడలు తీసేశానని, జపాను ముద్రణా చిత్రాలలాగా చదునైన రంగులు పరిచానని ఆయన స్వయంగా చెప్పాడు. అంటే వెర్మీర్ విషయంలో మీకు దోషమైన ఆ చదును వెలుగే ఇక్కడ కావలసినది. పెట్టె పైభాగం తీసేసి ట్రేసింగ్ కాగితం కప్పి, మబ్బు పట్టిన రోజున వరండాలో పెట్టి తీస్తే చాలు.

గోడలకు ఏ రంగు వేయాలన్న ప్రశ్న వస్తుంది. ఇప్పుడు నీలంగా కనిపించే ఆ గోడలను ఆయన లేత ఊదా రంగులో వేశాడు. ఆ మిశ్రమంలోని ఎరుపు వెలిసిపోయి నీలం మిగిలింది. పైగా ఆ చిత్రానికి ఆయన చేతి మీదుగానే మూడు రూపాలు ఉన్నాయి, ఒకటి ఆమ్‌స్టర్‌డాంలో, ఒకటి షికాగోలో, ఒకటి పారిస్‌లో. వాటి గోడ మీది పటాలూ నేల రంగూ ఒకేలా లేవు. మూడింటిలోంచి తలో వివరం ఏరుకుంటే ఏదీ కాకుండా పోతుంది, కాబట్టి ఒక్కదాన్నే ఎదురుగా పెట్టుకోండి.

సమాధానం: చెక్కగుర్రం

పై ఇద్దరి పరిజ్ఞానానికి నమస్కరిస్తూనే, వారు చెప్పినదానిలో ఒక ప్రమాదం ఉందని చెప్పాలి. వెలుగు, కొలత, కంటి ఎత్తు అన్నీ సరిగ్గా కుదిరి, బొమ్మ బొమ్మ అని కూడా తెలియనంత పోలిక వచ్చేస్తే ఇక ఆ ఫొటో ఎందుకు? మూలచిత్రం ఇంతకంటే బాగా ఎలాగూ ఉంది. ఈ వ్యాపకంలో రుచి అంతా పాత్రకూ బొమ్మకూ మధ్య ఉన్న ఎడంలోనే ఉంది. 2020 మార్చిలో లోకమంతా ఇళ్ళలో ఉండిపోయినప్పుడు, నెదర్లాండ్స్‌లో మొదలైన ఒక ఇన్‌స్టాగ్రాం ఖాతాను చూసి, లాస్ ఏంజెలెస్‌లోని గెటీ మ్యూజియం వారు ఇంట్లో దొరికే మూడు వస్తువులతో ఒక కళాఖండాన్ని పునఃసృష్టించమని ప్రజలను ఆహ్వానించారు. ఆ మూడు అనే హద్దులోనే తెలివి ఉంది. హద్దు లేకపోతే మనం వస్తువులు పోగుచేస్తాం, హద్దు ఉంటే చిత్రంలో ఏది లేకపోతే అది ఆ చిత్రం కాకుండా పోతుందో వెతుకుతాం.

అందువల్ల నేను చిత్రాన్ని చూసి బొమ్మలను వెతకను, బొమ్మకు ఏది చేతకాదో చూసి చిత్రాన్ని ఎంచుకుంటాను. లెగో మనిషికి భుజం తిరుగుతుంది కానీ మోచెయ్యి వంగదు. ప్లేమొబిల్ మనిషికి రెండు కాళ్ళూ కలిసే కదులుతాయి. మంక్ 1893లో వేసిన ‘ద స్క్రీమ్’ను లెగోతో చేయబోతే చేతులు చెంపల దాకా రావు, ఎదురుగా చాచినట్టు ఉంటాయి. అక్కడ లెగోను వదిలేసి, నోరు తెరిచి ఉండే బొమ్మ ఏదైనా తీసుకుని బంకమట్టి చేతులు అతికించాలి. ఆ చిత్రంలో ఆ మనిషి అరవడం కంటే ప్రకృతిలోంచి వస్తున్న అరుపును వినలేక చెవులు మూసుకోవడం ముఖ్యమని మంక్ రాతలను బట్టి తెలుస్తుంది. కాబట్టి చేతులు చెవుల మీద ఉంటే, నోరు కాస్త చిన్నదైనా ఫరవాలేదు.

లియొనార్డో ‘చివరి విందు’ను మీ చెక్క జంతువులతో నిస్సంకోచంగా చేయవచ్చు. ఇది 1495, 1498 మధ్య మిలాన్‌లోని సాంతా మారియా దెల్లె గ్రాత్సియె మఠం భోజనశాల గోడ మీద వేసిన చిత్రం. మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడని క్రీస్తు చెప్పిన క్షణం అది. ఆ మాట బల్ల పొడుగునా పాకినప్పుడు పన్నెండుగురు శిష్యులు ముగ్గురేసి నాలుగు గుంపులుగా విడిపోతారు. మధ్యలో క్రీస్తు చేతులు చాచి త్రిభుజంలా కూర్చుంటాడు. మనకు ఆయన ఎడమపక్కన ఒక శిష్యుడు దూరంగా ఒరిగిపోవడం వల్ల ఇద్దరి మధ్య వి ఆకారంలో ఖాళీ ఏర్పడుతుంది. ఆ గుంపులూ ఆ ఖాళీ ఉంటే కూర్చున్నవారు ఏనుగులైనా ఒంటెలైనా జనం గుర్తుపడతారు. పదమూడు జంతువులను సమాన దూరంలో వరసగా నిలబెడితే అది ఊరేగింపు అవుతుంది. చెక్క ఒంటె మెడ తిప్పదు, కానీ ఒరగగలదు. ముందుకాళ్ళ కింద చిన్న పుల్లముక్క పెడితే అది ఆశ్చర్యంతో వెనక్కి తగ్గినట్టే ఉంటుంది. వెనుక గోడలోని మూడు కిటికీలలో నడిమిది క్రీస్తు తల వెనుకే రావాలి. దృశ్యంలోని గీతలన్నీ అక్కడికే పోతాయి, ఈ ఒక్క చోట పాతగది గారి స్కేలును నేనూ ఒప్పుకుంటాను.

మనకు బాగా పరిచయమైన రవివర్మ ‘శకుంతల’ కూడా ఇలాంటి పనికి ఎంతో అనువైనది. కాలిలో ముల్లు తీసుకునే నెపంతో ఆగి వెనక్కి తిరిగి చూడడంలోనే ఆ కథ అంతా ఉంది. మోకాలు వంగే బొమ్మ, పక్కన ఆసరాకు ఇంకో బొమ్మ దొరికితే చాలు. వనాన్ని కుండీలోని మొక్కకే వదిలేయండి. చెలికత్తె స్థానంలో మీ ఎలుగుబంటిని నిలబెట్టి చూడండి, శకుంతల దానిని ఆనుకుని దుష్యంతుడి కోసం చూస్తుంటే నవ్వు రాకుండా ఉండదు, చూపు మాత్రం చెడదు.

ప్రశ్న అడిగినవారు: ఇంటిచిత్రశాల

అందరికీ ధన్యవాదాలు. కిటికీకి అట్ట అడ్డుపెట్టగానే అవతలి చెంప మీదికి నీడ వచ్చింది. ఆకుపచ్చ గుడ్డే కావాలని మా అమ్మాయి పట్టుబట్టింది. ఎలుగుబంటి చెలికత్తె మాట వినగానే దానికి కొంగు కుట్టడం కూడా మొదలుపెట్టింది.

మరో రెండు సందేహాలు. మా తదుపరి కోరిక వెలాస్కెస్ ‘లాస్ మెనినాస్’. వెనుక గోడ మీద రాజు, రాణి కనిపించే అద్దం స్థానంలో నిజమైన చిన్న అద్దం పెడితే, అందులో నా ఫోనూ వేళ్ళూ కనిపిస్తున్నాయి. ముందు బొమ్మ స్పష్టంగా వస్తే వెనుకవారు మసకబారుతున్నారు. రెండో సందేహం, ఇలా చేసిన ఫొటోలను అందరికీ కనిపించేలా పెట్టడానికి ఎవరి అనుమతి అయినా అవసరమా?

సమాధానం: పాతగది

అద్దంలో ఫోను కనిపించడం సహజం. గోడకు సమాంతరంగా ఉన్న అద్దానికి ఎదురుగా కన్ను ఉంటే, అద్దం ఆ కన్నునే చూపిస్తుంది. ‘లాస్ మెనినాస్’ గురించి తరతరాలుగా జరుగుతున్న చర్చ కూడా ఇదే కదా: రాజు, రాణి మనం నిలబడిన చోట నిలబడ్డారా, లేక అద్దంలో కనిపించేది, ఆ చిత్రంలోనే కుంచె పట్టుకుని నిలబడిన వెలాస్కెస్ వేస్తున్న పటం మీది బొమ్మలా? ఆ చర్చలో మీ ఫోను కూడా చేరింది. బయటపడే మార్గాలు రెండు. అద్దాన్ని తీసేసి, మసకగా ముద్రించిన రెండు మొహాలను మెరిసే ప్లాస్టిక్ కాగితం కింద పెట్టడం తేలిక. నిజమైన అద్దమే కావాలంటే, దాని వెనుక ఒక మూల బంకమట్టి పెట్టి రవ్వంత తిప్పి, ఫోను పక్కన మరో రెండు బొమ్మలను నిలబెట్టి, వాటి ప్రతిబింబం అద్దంలో పడేలా చూడాలి. రెండోదానికి ఓపిక కావాలి కానీ, పిల్లలకు ప్రతిబింబ సూత్రం పాఠంలో కంటే అక్కడ బాగా అర్థమవుతుంది.

అద్దాల మాట వచ్చింది కాబట్టి మానే 1882లో వేసిన ‘ఫోలీ బెర్జేర్‌లో బార్’ను ప్రస్తావించకుండా ఉండలేను. పానశాలలో పనిచేసే అమ్మాయి మనకు ఎదురుగా నిలబడి ఉంటుంది, వెనుక అద్దంలో ఆమె వీపు మాత్రం బాగా కుడివైపుకు జరిగి కనిపిస్తుంది. ఇది అసాధ్యమని, మానేకు దృక్కోణం రాదని మొదటినుంచీ విమర్శ ఉంది. తరవాత ఒక పరిశోధకుడు దృశ్యాన్ని నిజంగా అమర్చి ఫొటో తీసి, చూసేవారు మధ్యలో కాకుండా కుడిపక్కకు జరిగి నిలబడితే దాదాపు అలాగే కనిపిస్తుందని చూపించాడు. ఒక బొమ్మ, ఒక అద్దం ఉంటే మీరు కూడా బల్ల మీద ఆ పరీక్ష చేసుకోవచ్చు.

సమాధానం: వెలుగునీడలు

మసక గురించి చెబుతాను. లెన్సు వస్తువుకు ఎంత దగ్గరగా వెళితే స్పష్టంగా కనిపించే లోతు అంత తగ్గిపోతుంది. బొమ్మలు చిన్నవి కాబట్టి మనం దగ్గరికి పోతాం, దానితో వెనుక వరస కరిగిపోతుంది. ఫోనును వెనక్కి తీసుకువెళ్ళి తీసి, తరవాత అంచులు కత్తిరించుకుంటే లోతు పెరుగుతుంది. అదీ చాలకపోతే గది లోతునే తగ్గించండి. వెనుకవారికి చిన్న బొమ్మలను వాడి దగ్గరగా నిలబెడితే దూరంగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. ముందు యువరాణి మార్గరీటాకు బార్బీ చెల్లెలి పరిమాణం, వెనుక గుమ్మంలో నిలబడిన ఉద్యోగికి లెగో మనిషి సరిపోతారు.

ఈ చిత్రంలో చాలామంది విస్మరించేది పైభాగం. 1656లో వేసిన ఈ పటం ఎత్తు 318 సెంటీమీటర్లు. మనుషులందరూ కింది సగంలోనే ఉంటారు, పైసగం మసక చీకటి, గోడ మీది పటాలు, పైకప్పు. ఫొటో తీసేటప్పుడు బొమ్మలు పెద్దగా కనిపించాలన్న ఆశతో ఆ ఖాళీని కోసేస్తే అది కుటుంబ ఫొటో అయిపోతుంది. వెలుగు కుడివైపు కిటికీ నుంచి యువరాణి మీద పడాలి. వెనుక గుమ్మం అవతల చిన్న టార్చి పెట్టి, ఆ ఉద్యోగి వెలుగుకు అడ్డంగా నిలబడినట్టు చూపాలి. ఈ రెండు వెలుగులూ కుదిరాక మిగతా పాత్రలను మీ ఇంట్లో ఉన్నవాటితో నింపండి. కుడిమూలన పడుకున్న కుక్క మీద కాలు పెట్టే పిల్లవాడిని మాత్రం వదలకండి. అంత గంభీరమైన సభలో కదలిక అనేది ఉన్నది అతని కాలిలోనే.

సమాధానం: చెక్కగుర్రం

అనుమతి విషయం దేశాన్ని బట్టి మారుతుంది. చిత్రకారుడు మరణించిన తరవాత 50, 60 లేదా 70 ఏళ్ళ దాకా హక్కులు కొనసాగే దేశాలే ఎక్కువ. 1675లో మరణించిన వెర్మీర్, 1660లో మరణించిన వెలాస్కెస్, 1890లో మరణించిన వాన్ గోహ్, 1906లో మరణించిన రవివర్మ చిత్రాల విషయంలో మీరు నిశ్చింతగా ఉండవచ్చు. 1944లో మరణించిన మంక్ విషయంలోనూ ఆ గడువులు దాటిపోయాయి. 1967లో మరణించిన మాగ్రిట్, 1973లో మరణించిన పికాసో వంటివారి చిత్రాలను ఇంట్లో సరదాగా చేసుకోవడం వేరు, వాటితో కార్డులు అచ్చువేసి అమ్మడం వేరు. అలాంటి ఆలోచన ఉంటే మీరున్న చోటి చట్టం చూసుకుని దిగండి.

ఎదురుగా పెట్టుకోవడానికి మంచి ప్రతి కావాలంటే ఎక్కడో దొరికిన మసక ఫొటోలను నమ్మవద్దు. వాటిలో రంగులు ఇష్టం వచ్చినట్టు ఉంటాయి, అంచులు కోసేసి ఉంటాయి. ఆమ్‌స్టర్‌డాంలోని రైక్స్‌మ్యూజియం, షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, 2017 నుంచి న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం తమ వద్ద ఉన్న, హక్కుల గడువు తీరిన ఎన్నో చిత్రాలను పెద్ద పరిమాణంలో ఉచితంగా దించుకోనిస్తున్నాయి. అంచుల మాట ఎందుకన్నానంటే, రెంబ్రాంట్ 1642లో వేసిన ‘నైట్‌వాచ్’ను 1715లో కొత్త గోడకు సరిపెట్టడం కోసం నాలుగు వైపులా కోశారు, ఎడమవైపు ఇద్దరు మనుషులు మొత్తానికే పోయారు. కోయకముందు వేసిన చిన్న నకలు ఒకటి మిగిలి ఉండడం వల్ల అక్కడ ఎవరుండేవారో తెలుస్తోంది. మీ దగ్గర లెగో మనుషులు మిగిలిపోతే ఆ ఇద్దరినీ తిరిగి ఎడమవైపు నిలబెట్టవచ్చు. కెప్టెన్‌ను మాత్రం నడిమధ్య నుంచి కొంచెం కుడికి జరపాలి.